తొలి పుటలో తూకం

నాంపల్లి రైలుస్టేషను నుండి అబిడ్స్ చౌరస్తా వైపు నడిచి వచ్చేవారికి, బండ్ల రొద కొంత సన్నగిల్లే చోట, ఎడమ చేతి వైపు ఒక ఇరుకు సందు కనిపించేది. ఆ సందులో మూడవ గది ప్రేమ్‌రాజ్ దుకాణం. దానికి పేరు రాసిన పలక లేదు. వాకిలి దూలానికి వేలాడే పాత ఇత్తడి త్రాసే దాని గుర్తు. ఎన్నడూ సరుకు మోయని ఆ రెండు పళ్ళేలు, గాలి వచ్చినప్పుడు, నిద్రపోయే పసిబిడ్డ రొమ్ములా మెల్లగా లేచి దిగుతూ ఉండేవి. పనిమీద వచ్చినవారు సైతం ఒక్క క్షణం వాటి వంక చూసి గాని లోపలికి అడుగు పెట్టేవారు కారు.

త్రాసులు బాగుచేయటం ప్రేమ్‌రాజ్ వృత్తి. బేగం బజారు కిరాణా వర్తకుల కాంటాలు, సుల్తాన్ బజారు వెండి కొట్ల తరాజులు, మందుల దుకాణాలలో అద్దాల పెట్టెలో ఉండే సున్నితపు త్రాసులు ఏడాదికొకసారి ఆ సందులోకి రావలసిందే. వాడగా వాడగా తూనికరాళ్ళు, అంటే ఇనుప బాట్లు, అరిగిపోతాయి. ప్రతి బాటు అడుగున ఒక చిన్న గుంట ఉంటుంది. అందులో సీసం కరిగించి పోసి, అరిగిన బరువును తిరిగి నింపి, ప్రభుత్వ ముద్రకు సిద్ధం చేయాలి. చుక్క ఎక్కువైనా, చుక్క తక్కువైనా ముద్ర పడదు. ఆ చుక్కను కంటితో గాక చేతితోనే ఎరిగినవాడని ప్రేమ్‌రాజ్‌కు పేరు. కూతురు జెర్లిన్ చదువూ, పెండ్లీ, ఇల్లూ వాకిలీ అన్నీ ఆ నిశ్చలమైన కుడి చేయి నిలబెట్టినవే. "గీ చెయ్యి వణికిన దినం దుకాణం తలుపు దించేస్త," అని అతడు నవ్వుతూ అనేవాడు. నవ్వులోనే ఒక భయం కూడా ఉండేది. ఎందుకనగా అతనికి మరొక పని రాదు.

ఈ విద్య తండ్రి మైకేల్ ఇచ్చినది. మైకేల్ మెదక్ నుండి యౌవనంలో నగరానికి వచ్చి, ఆ సందులోనే గది కిరాయికి తీసుకున్నాడు. ఆయన ఇంట ఒక వింత ఆచారం నెలకొల్పాడు. బైబిలు తొలి ఖాళీ పుటలో పుట్టుకలు, బాప్తిస్మాలు, వివాహాలు రాసిపెట్టుకోవటం క్రైస్తవ కుటుంబాలలో ఉన్నదే. మైకేల్ ఆ తారీఖుల పక్కన తూకాలు కూడా రాసేవాడు. తూకం లేని తారీఖు గాలిమాట అని ఆయన నమ్మకం. ప్రేమ్‌రాజ్ పుట్టిననాడు ఆరు పౌండ్లు. బడిలో వేసిననాడు ఇన్ని శేర్లు. ఆయన చేతి రాతలో చివరి వరుస ఇది: "1973 నవంబరు. ప్రేమ్‌రాజ్, ఫ్లోరా వివాహము. వరుడు 51 కిలోలు. వధువు 49 కిలోలు." ఆ మీదట రెండేండ్లకే మైకేల్ కన్ను మూశాడు. సిరా వన్నె తగ్గి, చింతపండు రంగుకు తిరిగింది గాని, అంకెలు మాత్రం గుండ్రంగా, తప్పు పట్టరానివిగా నిలిచి ఉన్నవి.

1998 జనవరిలో ప్రేమ్‌రాజ్ అరికాళ్ళకు మంటలు పుట్టినవి. సాయంకాలానికి అవి మంటలు మాని మొద్దుబారేవి. నేల మీద నడుస్తున్నానో, దూది మీద నడుస్తున్నానో అతనికి తెలిసేది కాదు. నాంపల్లిలోని ఒక చిన్న దవాఖానకు వెళ్ళాడు. అక్కడి డాక్టరు అహల్య కృష్ణా తీరపు మనిషి. కొంచెం మందలింపు, కొంచెం నవ్వు కలిపి మాట్లాడేది.

"డెబ్బై నాలుగు కిలోలు ఉన్నారు. ఎత్తు నూట అరవై అయిదు సెంటీమీటర్లు. నడుము చుట్టుకొలత కూడా ఎక్కువే. షుగరు మొదలైందండీ ప్రేమ్‌రాజ్ గారూ. మాత్ర రాస్తున్నాను. కానీ అసలు మందు ఒళ్ళు తగ్గటమే."

"ఎంతకు రావాలె మేడం? జర ఖచ్చితంగ చెప్పున్రి."

"ముందు ఒక అయిదు కిలోలు తగ్గండి. వేళకి తినండి, నడవండి. మూడు నెలల తర్వాత రండి, రక్తం చూసి మాట్లాడదాం."

"గది సరే మేడం. ఆఖరికి ఎంత?"

ఆమె గోడకు అంటించిన పట్టికను పెన్నుతో చూపింది. "మీ ఎత్తుకి యాభై నుంచి అరవై ఎనిమిది దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అందులో మీకేది సరిపోతుందో పోనుపోను మీ ఒళ్ళే చెబుతుంది."

ప్రేమ్‌రాజ్‌కు నవ్వాగలేదు. "పద్దెనిమిది కిలోల తేడా ఉన్న కాంటాను బజార్ల పెడితే ఇన్‌స్పెక్టర్లు వచ్చి ఎత్తుకపోతరు మేడం!"

"మీరు కాంటా కాదుగా," అని ఆమె తరువాతి రోగిని పిలిచింది.

ఇంటికి నడిచి వస్తున్నంత సేపూ ఆ మాట అతన్ని ఒరుసుకుంటూనే ఉన్నది. యాభై నుండి అరవై ఎనిమిది! అదేమి తూకం? బజారులో ఎవరైనా యాభై నుండి అరవై ఎనిమిది రూపాయలలో ఎంతైనా ఇవ్వండి అంటారా? ప్రతి వస్తువుకూ దాని తూకం ఒకటి ఉంటుంది. అది తెలియకపోతే తెలియలేదని చెప్పాలి. ఇల్లు చేరి, కాళ్ళు కడుగుకొని, బైబిలు తెరిచాడు. తొలి పుట. తండ్రి రాత. 51.

అతని మనసు ఒక్కసారిగా కుదుటపడ్డది. యాభై ఒకటి డాక్టరమ్మ పట్టికలోనూ ఇముడుతున్నది. తూచినది తండ్రి కాంటా, రాసినది తండ్రి చేయి, రాసిన చోటు దేవుని గ్రంథం. ఇంతకు మించిన ముద్ర ఏమున్నది? ఆ ఏడు నవంబరులో వివాహమై ఇరవై అయిదేండ్లు నిండుతాయి. ఆనాటి కృతజ్ఞతా కూడికలో తన పెండ్లి కోటు తొడుక్కొని, తొలి పుటలోని తూకంతో నిలబడాలని నిశ్చయించుకున్నాడు. అంతవరకు దవాఖాన ముఖం చూడనవసరం లేదనుకున్నాడు. ఇవ్వవలసిన సరుకు సరిగా తూగిన తరువాతనే కదా చూపటం!

భస్మ బుధవారం నాడు మొదలుపెట్టాడు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు నలభై దినాలు ఉపవాసముండేవాడిని ఎవరూ ఎందుకని అడగరు. ఫ్లోరా కూడా అడగలేదు. ఆమె ఒక మిషను బడిలో కుట్టుపని నేర్పే టీచరు. మెడలో కొలత టేపు, నాలుక చివర ఒక ఛలోక్తి ఎప్పుడూ వేలాడుతుండేవి. భర్తకు ముసలితనంలో భక్తి కుదిరిందని సంతోషించింది. ఈస్టరు వచ్చింది, వెళ్ళింది. ప్రేమ్‌రాజ్ పళ్ళెం ముందు ఉపవాసం మాత్రం కదలలేదు.

"ఏందయ్యా జెర్లిన్ డాడీ, ప్రభువు లేచి వారమైంది. నువ్వింక సమాధిలనే ఉన్నవేంది? లే, ఇడ్లీ తిను."

"ఒకటి చాలు. ఇంకా పదిహేను కిలోలు తగ్గాలె, ఫ్లోరా."

"పదిహేను కిలోలా? బియ్యం మూట అనుకుంటున్నవా? మనిషివి!"

"నాయన రాసిండు గద."

మామగారి మాట వచ్చేసరికి ఫ్లోరా రెండవ ఇడ్లీని తన పళ్ళెంలో వేసుకున్నది. పెండ్లయిన రెండేండ్లూ ఆమెను కన్నబిడ్డలా చూసిన మనిషి ఆయన.

జూన్ నెలలో ఒకనాటి ఉదయం పుట్టింటికి వచ్చిన జెర్లిన్‌ను రైలెక్కించేందుకు ఇద్దరూ నాంపల్లి స్టేషనుకు వెళ్ళారు. రాత్రి కురిసిన వాన తడి ప్లాట్‌ఫారం మీద ఇంకా అద్దంలా పరుచుకొని ఉన్నది. దానిమీద బోగీల నీడలు తలకిందులుగా, ఎక్కడికో వేరే ఊరికి పోయే రైలులా కదులుతున్నవి. కూతురి పెట్టె, సంచి రెండూ ప్రేమ్‌రాజే మోశాడు. రొప్పు రాలేదు. కాళ్ళ కింద నేల నేలలాగే తగిలింది. రైలు కదిలిపోయాక ఫ్లోరా, రంగు దీపాలు గిర్రున తిరిగే తూకపు యంత్రం ముందు ఆగి, మగని చేయి పట్టి దానిమీద నిలబెట్టి నాణెం వేసింది. టపుక్కున అట్టచీటీ రాలింది. అరవై మూడు. వెనుకవైపు, అనుకున్నది సమీపంలోనే ఉన్నదన్న జోస్యం.

"అరవై మూడు! సక్కగున్నవు. పెండ్లికొడుకు లెక్క మెరుస్తున్నవు. ఇగ చాలు."

"గీ మిషన్ జోస్యాలు చెప్పేది. తూకాలు చెప్పేది కాదు," అని అతడు చీటీ వైపు చూడనైనా లేదు. ఫ్లోరా దాన్ని తన చేతిసంచిలో వేసుకున్నది.

ఆ తరువాతి నెలలు ప్రేమ్‌రాజ్ ఒక పలుచని తెర వెనుక గడిపినట్లు గడిపాడు. ఆకలి మొదట పొట్టలో ఉండేది; పిదప అది కన్నులలోకి, చెవులలోకి వచ్చి చేరింది. తెల్లవారుజామున అబిడ్స్ దాకా నడిచేటప్పుడు మూసిన దుకాణాల రేకు తలుపులు నీటి అడుగున ఉన్నట్లు కదిలేవి. చాదర్‌ఘాట్ వైపు నుండి వచ్చే మొదటి బస్సు శబ్దం చేయకుండా తేలిపోతున్నట్లు తోచేది. ప్రతి శనివారం సాయంత్రం దుకాణంలోని నేలకాంటా మీద నిలబడి, అంకెను సుద్దముక్కతో గోడమీద వేసేవాడు. అరవై. యాభై ఎనిమిది. యాభై ఆరు. అంకె దిగినకొద్దీ అతనికి తానే లేచిపోతున్నట్లు ఒక మత్తు.

మధ్యాహ్నం పూట కొయ్య బల్ల మీద తల వాల్చితే ఒకే కల వచ్చేది. అబిడ్స్ తపాలా కార్యాలయం పైన, ఆకాశం నుండి ఒక మహా త్రాసు వేలాడుతుంటుంది. దాని దండె ఒక కొస నాంపల్లి మీద, మరొక కొస కోఠీ మీద. ఒక పళ్ళెంలో తండ్రి బాట్లు పేర్చి ఉంటవి. రెండవ పళ్ళెంలో తాను. తాను తేలికై పైకి లేస్తాడు; ఇక సమమవుతుందనుకున్న క్షణాన తండ్రి పళ్ళెం మరింత పైకి పోతుంది. "నాయనా, అందుతలేదు," అని పిలుస్తాడు. పైన నిలబడ్డ మైకేల్ ఏదో చెప్పబోయి, సిగ్గుపడ్డట్టుగా ముఖం తిప్పుకుంటాడు. ఆ సిగ్గు ఎందుకో మెలకువ వచ్చాక ప్రేమ్‌రాజ్‌కు అర్థమయ్యేది కాదు.

సెప్టెంబరులో పెట్టె అడుగు నుండి పెండ్లి కోటు తీసి ఫ్లోరాకు ఇచ్చాడు. ఆమె దాన్ని వెలుగులో పెట్టి చూచి, వృత్తి అలవాటున కనుబొమలు ముడిచింది.

"జేబుల లోపలి బట్ట గింతగా సాగింది, ఎందుకు? బాయిల బొక్కెన వేలాడేసినట్టు. మళ్ళ పరుపు దారంతోని కుట్టిన గుర్తులు. గిదెవరు కుట్టిన్రు? మా బడిల ఆరో తరగతి పిల్ల కూడ గింత అన్యాయంగ కుట్టదు."

ఆ రోజుల నాటి దర్జీలు అంతేనన్నాడు ప్రేమ్‌రాజ్. పెండ్లినాడు ఆ కోటు భుజాలను కిందికి గుంజుతున్నట్లు ఉండటం మాత్రం అతనికి జ్ఞాపకమే. కొత్త కోటు గనుక జేబుల నోళ్ళు ఇంకా కుట్టి ఉండినవి; చేయి పెట్టి చూసుకున్నది లేదు. జ్వరం పడి లేచిన నీరసమని అప్పుడు అనుకున్నాడు, మరిచాడు.

అక్టోబరులో ఒక సోమవారం ఉదయం, అబిడ్స్‌లో ఆయుర్వేద మందుల దుకాణం నడిపే భావనారాయణ నుండి పిలుపు వచ్చింది. తెనాలి నుండి తండ్రితో పాటు వచ్చి నగరంలో స్థిరపడ్డ పెద్దమనిషి ఆయన. భస్మాలు తూచే ఆయన త్రాసుకు ఆవగింజ పడినా ముల్లు కదులుతుంది. ప్రేమ్‌రాజ్ పొద్దున మాత్ర వేసుకొని, అర రొట్టె తిని వెళ్ళాడు. అద్దాల పెట్టె తెరిచి, దండెను ఎత్తి, దాని నడుమ ఉన్న సన్నని ఉక్కు అంచును తుడవబోయాడు. వేళ్ళు వణికినవి. ఎవరి వేళ్ళో అనుకొని చూశాడు. తనవే. నుదుట చెమట, కన్నుల ముందు వెండి చుక్కలు. దండె చేజారి రాతి నేలమీద గణగణమని పడ్డది. ఉక్కు అంచు చిట్లింది.

భావనారాయణ పరుగున వచ్చి అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కొట్లోని పటికబెల్లం ముక్క నోట్లో వేశాడు. కొంత సేపటికి లోకం మళ్ళీ తన రంగులకు తిరిగి వచ్చింది.

"ఏంటండీ ఇలా చిక్కిపోయారు? ఒంట్లో బాగుంటోందా అసలు?"

"బాగనే ఉన్నది సార్. దండె దుకాణానికి తీస్కపోయి బాగుచేసి తెస్త."

"పర్లేదులెండి, నిదానంగానే తెండి. వయసు కదండీ, చేతులకి మాత్రం ఉండదూ!"

దయతో అన్న ఆ మాట నేలపడ్డ దండె కంటే గట్టిగా మోగింది. దండెను తెల్లని గుడ్డలో చుట్టి తెచ్చి దుకాణం గోడకు వేలాడదీశాడు. పట్టుకున్నప్పుడల్లా వేళ్ళు వణికేవి. మరల చుట్టి తగిలించేవాడు. వార్తకు కాళ్ళు రావటానికి పదిదినాలు పట్టలేదు. బేగం బజారు వర్తకులలో ఇద్దరు ముగ్గురి కాంటాలు వేరే చోటికి మళ్ళినవి. గోడమీది గుడ్డ మూటను చూసినప్పుడల్లా, తలుపు దించవలసిన దినం వచ్చిందేమోనని అతనికి తోచేది. అయినా సుద్ద అంకెల వరుస పక్కనే ఉండి ధైర్యం చెప్పేది. ఇంకెంత, మూడు కిలోలు. తూకం సరిపోతే చెయ్యీ సరిపోతుందని తనకు తానే చెప్పుకున్నాడు.

నవంబరులో కృతజ్ఞతా కూడిక నాటికి అతడు యాభై మూడు కిలోలకు దిగాడు. ఇంటి ముందర చిన్న షామియానా, పాస్టరుగారి ప్రార్థన, పదిహేను ఇరవై మంది చుట్టాలు. మెదక్ నుండి మైకేల్ చెల్లెలు కమలకుమారి వచ్చింది. ఎనభై ఏండ్ల మనిషి. చెవులు బాగానే వినిపించేవి, నోరు ఇంకా బాగా పనిచేసేది. పాటలయ్యాక ప్రేమ్‌రాజ్ సాక్ష్యమివ్వటానికి లేచాడు. కోటు అతని భుజాల మీద కొయ్యకు తగిలించినట్లు నిలిచింది.

"ఇరవై అయిదేండ్ల కింద మా నాయన గీ బైబిల్ల నా తూకం రాసిండు. యాభై ఒకటి. గా తూకానికి ఇంక రెండు కిలోల దూరంల ఉన్న. నాయన రాసింది నెరవేరుస్త. మీరందరు ప్రార్థన చేయాలె."

వెనుక కుర్చీలో నుండి ముసలమ్మ నవ్వు వినిపించింది. అందరూ తిరిగి చూశారు. నవ్వి నవ్వి, కొంగుతో కన్నులు ఒత్తుకొని, నవ్వుతున్నదో ఏడుస్తున్నదో తెలియకుండా ఆమె అన్నది:

"అరే ప్రేమూ, గా తూకం నీది గాదు బిడ్డా!"

"నాదే అత్తా. నాయన రాసిండు. నాయన అబద్ధం తూస్తడా?"

"తూసిండు. పుట్టిబుద్ధెరిగి గదొక్కసారే తూసిండు. నువ్వప్పుడు టైఫాయిడ్‌తోని నెలన్నర మంచంల ఉండి లేచినవు. చీపురుపుల్లకు కోటు తొడిగినట్టున్నవు. పెండ్లికి ముందు దినం పిల్లను తూస్తే నలభై తొమ్మిది. నిన్ను కోటుతోని, బూట్లతోని తూస్తే నలభై ఏడు, నీకు అంకె చెప్పలె. తెల్లారి అందరి ముంగట తూసి బైబిల్ల రాసేది ఉండె. పెండ్లికొడుకు పిల్లకన్న తేలిక అంటే ఫ్లోరా మేనమామలు ఊకుంటరా? ఊరంత నవ్వరా?"

"అయితే?"

"అయితేంది! రెండు బాట్లు, ఒక్కోటి రెండేసి కిలోలది, నీ కోటు జేబుల లోపల పెట్టి కుట్టేసినం. మీ నాయన తెచ్చిచ్చిండు. కుట్టింది నేనే, పరుపు దారంతోని. పెండ్లయి కోటు ఇప్పినంక కుట్టు ఇప్పి బాట్లు తీసుకున్నం. మీ నాయన నెల దినాలు సరిగ్గ అన్నం తినలె. ఎవరికి చెప్పకే కమలా అని నా చెయ్యి మీద ఒట్టేయించుకున్నడు. గిప్పుడు నువ్వు బాట్ల కోసం సచ్చేటట్టున్నవు. ఇగ చెప్పకుంటే నాకు పాపం తగులుతది."

అందరికంటే ముందు ఫ్లోరా గొంతు పలికింది:

"అయితే ఇరవై అయిదేండ్ల సంది నాకన్న బరువైనోడ్ని చేసుకున్ననని ఉత్తగనే మురిసిననా?"

అందరూ ఘొల్లుమన్నారు. పాస్టరుగారు సైతం గ్రంథం అడ్డం పెట్టుకొని నవ్వారు. ప్రేమ్‌రాజ్ ఒక్కడే నవ్వలేదు. కోటు రెండు జేబులలో రెండు చేతులూ పెట్టాడు. సాగిపోయిన బట్ట లోతున అతని వేళ్ళు వెదకినవి. అక్కడ ఏమీ లేదు. నలభై ఏడు, అందులో కోటు, బూట్లు తీసివేస్తే ఇంకెంత? తాను తొమ్మిది నెలలుగా దిగుతూ వచ్చినది ఒక రోగి తూకం వైపు. ఆ పైన నాలుగు కిలోల ఇనుము వైపు. కలలో తండ్రి ముఖం తిప్పుకున్న సిగ్గు ఇప్పుడు అతనికి అర్థమైంది. ఫ్లోరా వచ్చి, కోటు విప్పి తన భుజాన వేసుకొని, "నడు, ముందు అన్నం తిను," అన్నది. అతడు తిన్నాడు. చాలా దినాల తరువాత అన్నానికి అన్నం వాసన ఉన్నదని గ్రహించాడు.

మరునాడు దవాఖానలో డాక్టరు అహల్య రక్తపరీక్ష చీటీలు చూసి, భావనారాయణ కొట్లో జరిగినది అతని నోట విని, పెన్ను బల్లమీద పెట్టివేసింది.

"మూడు నెలలకి రమ్మంటే పది నెలలకి వచ్చారు. మాత్ర వేసుకుంటూ తిండి మానేశారా? చెయ్యి వణికింది వయసు వల్ల కాదండీ, రక్తంలో చక్కెర పడిపోయి. ఆ మందుల కొట్టాయన బెల్లం ముక్క పెట్టకపోతే ఏమయ్యేదో తెలుసా?"

"చెయ్యి మళ్ళ వస్తదా మేడం?"

"వస్తుంది. మాత్ర సగం చేస్తున్నాను. వేళకి తినండి. ఒళ్ళు కాస్త పెరగనివ్వండి."

అతడు తలవంచుకొని, "ఆఖరికి ఎంత అని ఇగ అడగ మేడం," అన్నాడు.

ఆమె నవ్వింది. "నేనడుగుతాను చెప్పండి. ఒక త్రాసు మంచిదో కాదో మీరెలా తేలుస్తారు?"

"ఒక్కసారి తూస్తే తెలువది. తక్కువ బరువు పెట్టి సూస్తం, ఎక్కువ పెట్టి సూస్తం. ముల్లు తిరిగి నడిమికి వస్తున్నదా, ఎక్కడ మొరాయిస్తున్నది అని వారం దినాలు కనిపెట్టుకొని ఉంటం."

"మిమ్మల్ని మీరు కూడా అలాగే కనిపెట్టుకుని ఉండండి. కాకపోతే వారం కాదు, నెలలు పడుతుంది. నెలకోసారి రక్తం నేను చూస్తాను."

చలికాలమంతా ప్రేమ్‌రాజ్ ఆ పని చేశాడు. శనివారం నేలకాంటా మీద నిలబడటం మానలేదు; అయితే అంకెతోనే ఆగక, ఫ్లోరా టేపుతో నడుము కొలిచేది, అతడు అరికాళ్ళ సంగతి, నిద్ర సంగతి చెప్పేవాడు. ఆ తరువాత చేతి నిలకడ తెలుసుకోవటానికి, పాత త్రాసు పళ్ళెంలో చిమటా పట్టుకారుతో ఆవగింజలు ఒక్కొక్కటిగా ఇరవై వరుసగా పెట్టి చూసేవాడు. యాభై ఆరు దగ్గర ఏడు గింజలు చెదిరినవి. ఒంట్లో ఎముకలు చలికి వణికినవి. యాభై తొమ్మిది దగ్గర రెండు. అరవై ఒకటి దాటాక ఇరవై గింజలూ ముత్యాల వరుసలా కూర్చున్నవి. ఫిబ్రవరిలో వరుసగా నాలుగు పెండ్లి విందులు వచ్చి అరవై ఆరుకు ఎక్కాడు. చెయ్యి బాగానే ఉన్నది గాని, రక్తంలో చక్కెర పెరిగింది, అరికాళ్ళ కింద దూది మళ్ళీ పరుచుకున్నది, టేపు రెండు వేళ్ళు ఎక్కువ చూపింది. పొద్దుటి నడక పెంచి, నెమ్మదిగా అరవై మూడుకు దిగాడు. దూది పోయింది. నేల తగిలింది.

ఆ శనివారం ఫ్లోరా తన చేతిసంచి వెదకి, అంచులు నలిగిన ఒక అట్టచీటీ తీసి బల్లమీద పెట్టింది. నాంపల్లి స్టేషను యంత్రం చీటీ. అరవై మూడు.

"జోస్యం చెప్పే మిషన్ అన్నవు గద. ఔ, చెప్పింది. నువ్వే ఇనలె."

అతడు చీటీని చాలా సేపు చూశాడు. గత జూన్‌లో, తడిసిన ప్లాట్‌ఫారం మీద, కూతురి పెట్టె మోస్తూ, తాను తన తూకం గుండానే నడిచిపోయాడు, ఆగి చూడలేదు.

మార్చిలో ఒక ఉదయం గోడమీది గుడ్డ మూట దించాడు. చిట్లిన ఉక్కు అంచును సానమీద మూడు దినాలు తీరికగా నూరాడు. సందులోకి వచ్చిన ఎండ అతని చేతి మీద నిలబడి, అది కదలకపోయేసరికి విసుగెత్తి తానే పక్కకు జరిగిపోయినట్లు ఉండేది. దండె తీసుకువెళ్ళి భావనారాయణ అద్దాల పెట్టెలో అమర్చాడు. ఒక ఆవగింజ వేశాడు. ముల్లు ఒరిగి, తిరిగి వచ్చి, మళ్ళీ ఇటు ఒరిగి, నిద్ర పట్టని వారిని జోకొట్టే చేతిలా ఊగసాగింది.

భావనారాయణ కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "ఊగుతూనే ఉందేంటండీ?"

"ఊగాలె సార్. పెట్టంగనే బిగుసుకపోయిందంటే ఎక్కడ్నో తుప్పు పట్టినట్టు. జర ఆగున్రి, కుదురుకుంటది."

ఇద్దరూ దాని వంకే చూస్తూ కూర్చున్నారు. అది కుదురుకునే సరికి అంగడిలోకి మరొక బేరం వచ్చింది.

1999 ఈస్టరు నాటి మధ్యాహ్నం, చర్చి నుండి వచ్చి, భోజనం ముగించాక, ప్రేమ్‌రాజ్ బైబిలు తెరిచాడు. తండ్రి రాసిన వరుసను కొట్టివేయలేదు. 51 పక్కన, సన్నని అక్షరాలతో, "ఇందులో 4 కిలోలు బాట్లు" అని చేర్చాడు. జెర్లిన్ పేరిట తాను రాసిన వరుసల కింద కొత్త వరుస మొదలుపెట్టాడు: "1999 ఈస్టరు. ప్రేమ్‌రాజ్. 61 మొదలు 64 వరకు." భుజం మీదుగా తొంగిచూస్తున్న ఫ్లోరా ముక్కున వేలు వేసుకున్నది.

"రెండు అంకెలా? బైబిల్లనా? మామయ్య సమాధిల నుంచి లేచి వస్తడు సూడు!"

"రానీ. గా రెండు బాట్లు నా దుకాణంలనే ఉన్నయి. వాపసిస్త."

"మరి నాది రాయవా? ఇరవై అయిదేండ్ల సంది నలభై తొమ్మిదే ఉన్నది."

"కాంటా ఎక్కుతవా మరి?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, కొలత టేపు మెడలో నుండి తీసి చుట్ట చుట్టి, లోపలికి నడిచింది. "నలభై తొమ్మిదే బాగున్నది. ముట్టకు!"

సిరా ఆరేవరకు అతడు పుట మూయలేదు. బయట సందులోకి గాలి వచ్చినట్లున్నది. దూలానికి వేలాడే పాత త్రాసు పళ్ళేలు రెండూ, ఒకటి లేస్తే ఒకటి దిగుతూ, ఎండలో మెల్లగా ఊగుతుండినవి.